ముందు స్ప్రింగులు సీటు వదలకుండా

కాయిల్ స్ప్రింగులూ, అడ్డంగా ఒకే గట్టి యాక్సిలూ ఉన్న బండి కొన్నవాళ్లలో చాలామంది ఒక సంగతి గమనించరు. ముందు భాగం బరువంతా మోసే ఆ రెండు స్ప్రింగుల్ని వాటి చోట పట్టి ఉంచేది బోల్టు కాదు, క్లిప్పు కాదు, బండి బరువే. కింద యాక్సిల్‌కి వెల్డు చేసిన గుండ్రటి సీటు, పైన ఛాసీకి ఇంకో సీటు, దానికో రబ్బరు. కుదురు మీద నీళ్లకుండ కూచున్నట్టు స్ప్రింగు కింది సీటులో కూచుంటుంది. పైనుంచి బరువు అదిమి ఉన్నంతసేపూ ఎటూ కదలదు. బరువు తేలిపోయిందా, ఇక దానికి ఏ ఆధారమూ లేదు.

కంపెనీ స్ప్రింగులు, కంపెనీ షాక్ అబ్జర్వర్లతో ఉన్న బండికి మామూలుగా ఈ బాధ రాదు. చక్రం గోతిలోకి వేలాడినా, షాక్ అబ్జర్వర్ పొడవు అయిపోయిన చోట యాక్సిల్ ఆగిపోతుంది. అప్పటికి స్ప్రింగు ఇంకా కొంచెం నొక్కుకునే ఉంటుంది. ఆ కొంచెం నొక్కుడే దానికి రక్ష. పొడవాటి షాక్ అబ్జర్వర్లు వేయించుకున్న రోజున ఆ రక్ష పోతుంది. అమ్మేవాళ్లలో ఇది విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా మందస వైపు. జీడితోటలు. కొంత తోట కింద చదునులో ఉన్నా, మిగతాదంతా కొండవాలు మీదే. ఎదురుగా మహేంద్రగిరి. అది ఒడిశాలో ఉన్నా, దాని మీద కురిసిన వానకి మా దారులు కోసుకుపోతాయి. వర్షాకాలం అయ్యేసరికి బండిదారి మధ్యలో నడుములోతు గండ్లు పడి ఉంటాయి. ఒక చక్రం గండిలో, ఒక చక్రం గట్టు మీద పెట్టి వాలుగా దాటాల్సిందే. ఇక మహేంద్రతనయ ఏటి ఇసుకలో దిగాల్సి వస్తే ఆ కష్టం వేరు. జీడిపిక్కలు కిందకి దింపడానికి ట్రాక్టరు ఉంది. మనుషులు, మందులు, సామాన్లు పైకి తీసుకెళ్లడానికి జిమ్నీ.

జిమ్నీని నేను కొత్తది కొనలేదు. మారుతి 2023 జూన్‌లో దాన్ని మన దేశంలో అమ్మకానికి పెట్టినప్పుడు కొన్న ఒకాయన, ఎత్తు పెంచే స్ప్రింగులు, పొడవాటి షాక్ అబ్జర్వర్లు వేయించి కొంతకాలం తిప్పి అమ్మేశారు. బండి చక్కగా ఉంది. ఇంజను, గేర్లు వంక పెట్టడానికి లేదు. కానీ గండి దాటి పైకొచ్చి స్టీరింగు తిప్పినప్పుడల్లా ముందు ఎడమ వైపు నుంచి ఒక్కటంటే ఒక్క ‘టక్’. బాల్ జాయింట్లా అని చూశాను, బుష్షులా అని చూశాను, అన్నీ గట్టిగానే ఉన్నాయి. చక్రం విప్పి టార్చి వేసి చూస్తే తెలిసింది.

స్ప్రింగు కింది కొస, అంటే తీగ ముగిసే చోటు, సీటులో ఒక మెట్టులాంటి దానికి ఆనుకుని ఉండాలి. ఇక్కడది మెట్టు దగ్గర లేదు. బొటనవేలు పట్టేంత దూరం తిరిగిపోయి ఉంది. సీటు అంచు మీద నల్లపెయింటు లేచిపోయి, గోరంత వెడల్పున ఇనుము తళతళమంటోంది. స్ప్రింగు కింది చుట్టు మీద కూడా సరిగ్గా అదే చోట పూత చిట్లింది. రెండింటి మధ్యా సన్నటి ఎర్రమట్టి, ఇసుక. మట్టి అక్కడికి ఎలా దూరింది? చుట్టు లేస్తేనే దూరుతుంది. గండిలో చక్రం వేలాడినప్పుడు స్ప్రింగు సీటు వదిలి లేస్తోంది, బండి మళ్లీ బరువు దించినప్పుడు ఎలా పడితే అలా కూచుంటోంది, స్టీరింగు తిప్పితే సర్దుకుంటోంది. ఆ సర్దుకోవడమే ‘టక్’.

అప్పటికి స్ప్రింగు మొత్తంగా బయటికి రాలేదు. జిమ్నీలో చక్రం మరీ పైకొచ్చి గుద్దుకోకుండా ఆపే బంప్ స్టాప్ రబ్బరు పైనుంచి స్ప్రింగు లోపలికి వేలాడుతూ ఉంటుంది కాబట్టి పై కొస మరీ దూరం పోలేదు. పూర్తిగా జారి పక్కకి ఒరిగితే దాని పక్కనే బ్రేకు హోసు, ఏబీఎస్ వైరు, ఇంకాస్త అవతల టైరు లోపలి గోడ. కొండవాలు దిగేటప్పుడు బ్రేకు హోసు తెగితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

అసలీ గొడవ పాత జిప్సీకి ఎందుకు లేదని మా తోటలో పనిచేసే కుర్రాడు అడిగాడు. మంచి ప్రశ్న. జిప్సీకి నాలుగు వైపులా పట్టీల కమానులు. పట్టీల కట్ట బరువూ మోస్తుంది, యాక్సిల్‌ని ముందుకీ వెనక్కీ పక్కకీ పోకుండా తనే పట్టుకుంటుంది. యాక్సిల్‌కి యూబోల్టులతో బిగించి ఉంటుంది కాబట్టి విడిపోయే మాటే లేదు. కాయిల్ స్ప్రింగు ఆ రెండో పని చెయ్యదు. నిలువుగా బరువు మొయ్యడం తప్ప దానికి ఇంకేం చేతకాదు. అందుకని యాక్సిల్‌ని పట్టుకోవడానికి ముందు వైపు రెండు పొడవాటి ఆర్ములు, పక్కకి జరగకుండా అడ్డంగా ఒక పానార్డ్ రాడ్ వేరేగా పెడతారు. 1970లో వచ్చిన మొదటి రేంజ్ రోవర్ ముందు భాగం కూడా ఈ పద్ధతే. గతుకుల్లో మెత్తగా పోతుంది, చక్రం చాలా కిందకి దిగుతుంది. ఆ సుఖానికి బదులుగా స్ప్రింగు విడిగా మిగిలిపోయింది.

2020లో వచ్చిన మహీంద్రా థార్ ముందు వైపు చూస్తే అక్కడ ఈ సమస్య లేదు. స్ప్రింగు షాక్ అబ్జర్వర్ చుట్టూనే ఉండి, పైనా కిందా ప్లేట్ల మధ్య బందీగా ఉంటుంది. దాని వెనక వైపు మాత్రం గట్టి యాక్సిల్, విడి స్ప్రింగు. అక్కడ పొడవాటి షాక్ అబ్జర్వర్ వేస్తే ఇదే కథ. ఫోర్స్ కంపెనీ కొత్త గూర్ఖాకి కూడా వెనక వైపు గట్టి యాక్సిలే, కాయిల్ స్ప్రింగులే. కాబట్టి నేను చెప్పేది జిమ్నీవాళ్లకి మాత్రమే కాదు.

ఎత్తు పెంచే స్ప్రింగు వేస్తే స్ప్రింగు పొడవు పెరిగింది కదా, ఇంకా బిగుతుగా ఉండాలి కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఇక్కడే అసలు చిక్కు. లెక్క కోసం ఒక చక్రం మీద 300 కిలోల బరువు అనుకుందాం. మిల్లీమీటరుకి 2 కిలోల చొప్పున నొక్కుకునే స్ప్రింగు ఆ బరువుకి 150 మిల్లీమీటర్లు కుంగుతుంది. మిల్లీమీటరుకి 3 కిలోలు కావలసిన గట్టి స్ప్రింగు 100 మిల్లీమీటర్లే కుంగుతుంది. కుంగినంత మేరే తిరిగి సాగగలదు. అంటే బండి నిలబడ్డ ఎత్తు నుంచి మెత్తటి స్ప్రింగు 150 మిల్లీమీటర్ల దాకా చక్రంతో పాటు కిందకి వెళ్తుంది. గట్టిది 100 దగ్గర ఆగిపోతుంది. ఎత్తు పెంచే స్ప్రింగులు సాధారణంగా గట్టివే. వాటికి జంటగా చక్రం ఇంకా కిందకి దిగాలని పొడవాటి షాక్ అబ్జర్వర్లు. ఆ షాక్ అబ్జర్వర్ 140 దాకా దిగనిచ్చిందనుకోండి, చివరి 40 మిల్లీమీటర్లు స్ప్రింగు గాల్లో ఉన్నట్టే.

గట్టిదనం ఎలా పెరుగుతుందో కూడా తెలుసుకుంటే మంచిది. స్ప్రింగు తీగ మందం ఎంత పెరిగితే గట్టిదనం దాని నాలుగో ఘాతం ప్రకారం పెరుగుతుంది. 12 మిల్లీమీటర్ల తీగ బదులు 13 మిల్లీమీటర్లది వేసి, చుట్టు వెడల్పు, చుట్ల సంఖ్య అలాగే ఉంచితే గట్టిదనం 38 శాతం దాకా ఎక్కువ. చేత్తో పట్టుకుంటే ఆ తేడా తెలియను కూడా తెలియదు. ముందు వించి (బండిని తాడుతో లాగే యంత్రం), ఇనప బంపరు లాంటి బరువులు ఏమీ లేకుండా ‘హెవీ డ్యూటీ’ అనే మాట చూసి స్ప్రింగు కొంటే, బండి ఎగిరెగిరి పడుతుంది, స్ప్రింగు ముందుగానే సీటు వదులుతుంది. రెండు విధాలా నష్టమే.

అందుచేత మొట్టమొదట చెయ్యాల్సింది కొలవడం. ఏ క్లాంపులు, ఏ బెల్టులు కొనాలన్నది తర్వాత సంగతి. చదునైన గట్టి నేల మీద బండి పెట్టి, వెనక చక్రాలకి ముందూ వెనకా రాళ్లు పెట్టి, ఛాసీ కింద రెండు వైపులా స్టాండులు వెయ్యాలి. జాకీ ఒక్కదాన్ని నమ్ముకుని బండి కిందకి తల పెట్టకూడదు, ఎంత తొందరున్నా సరే. ముందు చక్రాలు తీసేసి, ట్రాలీ జాకీతో యాక్సిల్‌ని మోస్తూ నెమ్మదిగా దించుకుంటూ రావాలి. షాక్ అబ్జర్వర్ పూర్తిగా సాగి ఆగిన చోట పై సీటుకీ కింది సీటుకీ మధ్య దూరం ఎంతో, విడిగా స్ప్రింగు పొడవు ఎంతో చూడాలి. స్ప్రింగు పొడవే కనీసం 10, 15 మిల్లీమీటర్లు ఎక్కువుంటే హాయిగా టీ తాగొచ్చు, చేసేదేమీ లేదు. తక్కువుంటే స్ప్రింగు చేత్తో ఊపితే ఊగుతుంది. కొలత టేపు కూడా అక్కర్లేదు.

అక్కడితో ఆపకూడదు. రెండు చక్రాలూ సమంగా వేలాడడం ఒక ఎత్తు, ఒకటి పైకి నొక్కుకుని రెండోది వేలాడడం ఇంకో ఎత్తు. గండి దాటేటప్పుడు జరిగేది రెండోదే. ఒక వైపు జాకీతో బంప్ స్టాప్ తాకేదాకా ఎత్తి, రెండో వైపు చూడండి. స్ప్రింగు నిటారుగా ఉండదు, వంకర తిరిగి ఉంటుంది. ముందు ఆర్ముల ఇరుసు వెనక ఛాసీ దగ్గర ఉంటుంది కాబట్టి, యాక్సిల్ కిందకి దిగేకొద్దీ కింది సీటు ముందుకి వాలుతుంది, కొంచెం వెనక్కి కూడా జరుగుతుంది. వాలిన సీటు మీద వదులైన స్ప్రింగు నిలబడమంటే ఎలా నిలబడుతుంది?

ఇదే సమయంలో బ్రేకు హోసులు చూడండి. స్టీరింగు పూర్తిగా అటూ ఇటూ తిప్పి చూడండి. పొడవాటి షాక్ అబ్జర్వర్లు వేసి హోసు పాతదే ఉంచేసిన బండిలో, యాక్సిల్‌ని ఆపుతున్నది చివరికి హోసే అయి ఉండొచ్చు. నా బండిలో హోసుకి కాస్త వదులు మిగిలింది గానీ ఏబీఎస్ వైరు మాత్రం క్లిప్పు దగ్గర తీగలా బిగుసుకుపోయింది. క్లిప్పు ఒకటి కిందకి మార్చాం.

ఇక పరిష్కారం. కాశీబుగ్గలో లేతు, వెల్డింగు రెండూ చూసుకునే మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. జీడి ఫ్యాక్టరీల మిషన్లు, ట్రాక్టరు ట్రాలీలు, లారీ కమానులు ఆయన చేతి మీదుగా వెళ్లినవే. వరసకి మావ. ముందు ఎవరో ఇచ్చిన సలహా చెప్పాను, స్ప్రింగు కింది చుట్టుని సీటుకి రెండు చోట్ల వెల్డింగు పెట్టేస్తే పోద్దట అని. ఆయన చేతిలో హోల్డరు కింద పెట్టేశాడు.

“పెట్టీమంటే పెట్టీగలను బావూ. ఆర్నెల్లు నిలబడతాదో, ఆరు రోజులు నిలబడతాదో నన్నడక్కు. లారీ పట్టీకి ఎల్డింగు పెట్టినోడెవడైనా బాగుపడ్డాడేటి?”

ఆయన మాటకి కారణం ఇనుములోనే ఉంది. స్ప్రింగు ఉక్కు మామూలు ఇనుము కాదు. సిలికాన్, మాంగనీసు, క్రోమియం లాంటివి కలిపి, ఎర్రగా కాల్చి, నూనెలో చల్లార్చి, మళ్లీ తగిన వేడి ఇచ్చి దానికి ఆ సాగే గుణం తెస్తారు. వెల్డింగు సెగ తగిలిన చోట ఆ గుణం పోతుంది. అతుకు పక్కనే ఒక సన్నటి మేర గాజులా పెళుసుబారుతుంది. పైకి అంతా గట్టిగానే కనిపిస్తుంది. గతుకుల్లో లక్షలసార్లు వంగీ సాగీ, ఒకరోజు సరిగ్గా అక్కడే తెగుతుంది. స్ప్రింగుకి వెల్డింగు ఎవరు పెడతామన్నా ఒప్పుకోవద్దు. స్ప్రింగు ఉన్న చోటే ఉండగా దాని పక్కన సీటుకి వెల్డింగు చేస్తే నిప్పురవ్వలు పడినా ప్రమాదమే. అలాంటి పని ఉంటే స్ప్రింగు తీసి పక్కన పెట్టాకే.

రెండో సలహా, పైనా కిందా రెండు కొసలూ బోల్టులతో బిగించెయ్యడం. దీనికీ మావ ఒప్పుకోలేదు.

“రెండేపులా కట్టీస్తే ఇంకది స్ప్రింగేటి? కిందకి లాగితే ఎక్కడో ఓచోట పీకీస్తాది.”

నిజమే. కాయిల్ స్ప్రింగుని నొక్కడానికి చేశారు, లాగడానికి కాదు. రెండు కొసలూ పట్టేస్తే, దాని పొడవు దాటి యాక్సిల్ దిగినప్పుడు వేలాడే యాక్సిల్, చక్రాల బరువు మొత్తం ఆ క్లాంపుల మీద పడుతుంది. పై సీటు పలచటి రేకుతో చేసింది, అది చిరుగుతుంది. కాబట్టి ఒక కొసనే పట్టాలి. ఏ కొస? కిందిది. స్ప్రింగు యాక్సిల్‌తో పాటే కదలాలి, పై కొస స్వేచ్ఛగా ఉండి తిరిగి తన చోటికి రావాలి. ఇది మేం కనిపెట్టిందేమీ కాదు. పాత ల్యాండ్ రోవర్ డిఫెండర్‌లో వెనక స్ప్రింగులకి కింద ప్లేటు పెట్టి రెండు బోల్టులతో బిగించి కంపెనీయే పంపేది.

ప్లేటు చేయడానికి మావ తీసుకున్న శ్రద్ధ గురించి రాయకుండా ఉండలేను. జీడిపప్పు ప్యాకింగుకి వాడే అట్టపెట్టె ఒకటి చింపి, సీటు లోపలికి దూర్చి, వేలితో అంచు వెంట నొక్కి అచ్చు తీశాడు. దాన్ని కత్తెరతో కోసి, మళ్లీ పెట్టి చూసి, మళ్లీ కోసి, ఆఖరికి నెలవంక ఆకారంలో ఒక అట్ట తేలింది. దాన్ని 6 మిల్లీమీటర్ల ఇనప ప్లేటు మీద సుద్దతో గీసి గ్యాసుతో కోసి, అంచులన్నీ గ్రైండరు పట్టాడు. తర్వాత ఆకురాయి తీసుకుని, స్ప్రింగుకి తగిలే వైపు అంచుని చేత్తో అరగదీశాడు. అద్దంలా కాదు గానీ, బొటనవేలు ఎటు రాసినా గుచ్చుకోకుండా అయ్యేదాకా. మిషను ఉండగా చేత్తో ఎందుకని అడిగితే, గ్రైండరు గీత ఒక్కటి మిగిలినా అది స్ప్రింగుని కోస్తుందన్నాడు. స్ప్రింగు మీద పడే ప్రతి గీతా రేపటి పగులుకి మొదలు. స్ప్రింగులు తయారుచేసేటప్పుడు సన్నటి ఇనప గుళ్లతో పైపొరని కొట్టి గట్టిపరుస్తారు, ఆ పైన పూత వేస్తారు. మా ఉద్దానంలో ఉప్పుగాలి వేరే ఉంది. బారువ, కవిటి వైపు గేటు ఊచలు ఎలా తుప్పు పడతాయో చూసినవాళ్లకి, పూత చిట్లిన స్ప్రింగు గతి ఏమిటో చెప్పనక్కర్లేదు.

ప్లేటుకీ స్ప్రింగుకీ మధ్య రబ్బరు. సైకిలు ట్యూబు ముక్క లాంటిది రోజుల్లో నలిగిపోతుంది. టెక్కలి వైపు క్రషర్లలో అరిగి తీసేసిన కన్వేయర్ బెల్టు ముక్క దొరికింది. లోపల గుడ్డ పొరలున్న మందపాటి రబ్బరు అది. దాన్ని తీగ ఒంపుకి సరిపడా కోసి పెట్టాం.

పట్టాల్సిన చోటు గురించి ఒక మాట. స్ప్రింగు కింది కొసన ముప్పావు చుట్టు మేర సీటుకి ఆనుకుని కదలకుండా ఉంటుంది. అది నొక్కుకునే పనిలో పాలుపంచుకోదు. ప్లేటు అక్కడే పట్టాలి. అది దాటి, లేచీ దిగే చుట్టు మీద పట్టిస్తే అక్కడ రోజూ ఒరుసుకుంటుంది, స్ప్రింగు పనిచేసే పొడవూ తగ్గిపోయి ఆ వైపు బండి గట్టిబడుతుంది. ఎంత పట్టాలో తెలియాలంటే బండిని పూర్తి బరువుతో నిలబెట్టి, కింద పడుకుని చూసి, ఏ చుట్టు దేనికి ఆనిందో సుద్దతో గుర్తు పెట్టుకోవాలి.

బోల్టుల కోసం యాక్సిల్ గొట్టానికి బెజ్జం మాత్రం వెయ్యకూడదు. లోపల నూనె ఉంది, పైగా బండి బరువంతా దాని మీదే. మేం సీటు అంచు కిందకి దూరేలా ఇంకో చిన్న ముక్క చేసి, పైన నెలవంక ప్లేటు, కింద ఆ ముక్క, రెండింటినీ రెండు 8 మిల్లీమీటర్ల బోల్టులతో దగ్గరికి లాగాం. సీటుకి కూడా బెజ్జం లేదు. బోల్టుల తల మీద 8.8 అని ఉండాలి, నట్లు లోపల నైలాన్ వలయం ఉన్నవి. 8 మిల్లీమీటర్ల 8.8 బోల్టుకి 25 న్యూటన్ మీటర్ల దాకా బిగింపు చాలు. చెయ్యి బలం ఉంది కదాని పొడవాటి పానా వేసి తిప్పితే మర సాగిపోతుంది. ఆ రోజు మావ డబ్బు తీసుకోనంటే మందస కోవా పట్టుకెళ్లి ఇచ్చాను. తర్వాత బలవంతంగా డబ్బూ ఇచ్చాను. పనికి విలువ కట్టకపోవడం నాకు నచ్చదు.

కింది కొస పట్టేశాక పై కొస మాట. విదేశాల్లో రాళ్ల మీద బండ్లు ఎక్కించేవాళ్లు పై సీటుకి ఒక శంకువు బిగిస్తారు. స్ప్రింగు కిందకి దిగిపోయి మళ్లీ పైకొచ్చేటప్పుడు ఆ శంకువు వాలు మీదుగా జారి సరిగ్గా సీటులోకి చేరుతుంది. పని చేస్తుంది, సందేహం లేదు. జిమ్నీలో ఆ చోటులో బంప్ స్టాప్ ఉండనే ఉంది, కొంత వరకు దారి అదే చూపిస్తుంది. కానీ నేను శంకువు దారి పట్టలేదు. స్ప్రింగు సీటు వదిలాక ఆ చక్రాన్ని నేలకి అదిమేది ఏముంది? యాక్సిల్ సొంత బరువు తప్ప ఏమీ లేదు. చక్రం నేలని తాకుతూ ఉంటుంది, పట్టు ఉండదు. ఫోటోకి బాగుంటుంది, గండి ఎక్కడానికి పనికిరాదు. పట్టు లేక ఊరికే తిరిగిపోతున్న చక్రాన్ని బ్రేకుతో పట్టి అవతలి చక్రానికి బలం పంపే ఏర్పాటు జిమ్నీలో ఎలాగూ ఉంది. కాబట్టి స్ప్రింగు చేరగలిగినంత మేరే చక్రం దిగితే చాలన్నది నా గట్టి నమ్మకం.

అందుకని దిగుడునే కట్టడి చేశాను. ఛాసీకీ యాక్సిల్‌కీ మధ్య రెండు వైపులా నైలాన్ బెల్టు. దీన్ని లిమిట్ స్ట్రాప్ అంటారు. దీనికోసం తయారైన, నాలుగైదు పొరలు కుట్టిన బెల్టులు అమ్ముతారు. లారీ మీద సరుకు కట్టే బెల్టు కోసి ముడెయ్యడం వద్దు, ముడి దగ్గర అది సగం బలం కూడా ఇవ్వదు. బెల్టు ఎంత పొడవుండాలంటే, స్ప్రింగు ఇంకా 10 మిల్లీమీటర్లు నొక్కుకుని ఉండగానే బిగుసుకోవాలి. బెల్టు కుదుపుకి కొంచెం సాగుతుంది, ఆ సాగుడు కూడా లెక్కలో వెయ్యాలి. దీనివల్ల షాక్ అబ్జర్వర్‌కీ మేలే. లోపలి కడ్డీ చివర కొట్టుకుని ఆగడం తప్పుతుంది. బెల్టు ఉన్నాక కింద ఆ ప్లేటు క్లాంపు ఎందుకని అడగొచ్చు. బెల్టు రాళ్లకి ఒరుసుకుని తెగితే? క్లాంపు అప్పటికోసం. క్లాంపు ఉన్నంత మాత్రాన బెల్టు అక్కర్లేదనీ అనలేను. రెండూ ఉంటేనే నాకు ఆ దారిలో మనుషుల్ని ఎక్కించుకోవడానికి మనసొప్పుతుంది.

ఇంత చేశాక ‘టక్’ పోయింది. గండి దాటాక ఎడమ వైపు వాలుగా నిలబడే లక్షణం కూడా పోయింది.

చట్టం మాట కూడా చెప్పాలి. కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే ఖాయం చేసింది. ఎత్తు పెంచడం దీని కిందకి రావొచ్చు, ఇన్సూరెన్సువాళ్లు పేచీ పెట్టొచ్చు. కొత్తగా బండి కొని దారులకి తగ్గట్టు చేసుకోవాలనుకునేవాళ్లకి నా సలహా, ముందు కంపెనీ స్ప్రింగులతోనే ఒక వర్షాకాలం తిప్పండి. 210 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్సు, మంచి టైర్లు ఉంటే మా కొండదారుల్లో చాలా వరకు వెళ్లిపోవచ్చు. నాకు వచ్చిన బండి అప్పటికే మారిపోయి ఉంది కాబట్టి, ఉన్నదాన్ని భద్రంగా చేసుకున్నాను. కంపెనీ స్ప్రింగులు దొరికితే వెనక్కి మార్చే ఆలోచన కూడా ఉంది.

బిగించి వదిలేసే పని కాదిది. రబ్బరు మొదట్లో కొంత అణుగుతుంది, దానితో బోల్టు వదులవుతుంది. నాలుగు గతుకులు తిరిగొచ్చాక ఒకసారి పానా వేసి చూసి, అప్పుడు నట్టు మీదా ప్లేటు మీదా కలిపి తెల్ల పెయింటుతో ఒక గీత గీశాను. గీత విరిగి కనిపిస్తే నట్టు తిరిగినట్టు. బురదలో తిరిగొచ్చాక నీళ్లు కొట్టేటప్పుడు ఆ గీత ఒక్కటీ, స్ప్రింగు కొస మెట్టుకి ఆనిందా లేదా అన్నదొక్కటీ చూస్తాను. నిమిషం పని.

పంక్చరు షాపులో మాత్రం దగ్గరుండి చూసుకోవాలి. తొందరలో కుర్రాళ్లు జాకీని ఛాసీ కింద పెట్టి ఎత్తేస్తారు. అలా ఎత్తితే యాక్సిల్ మొత్తం వేలాడుతుంది. కంపెనీ బండికి పర్వాలేదు గానీ, ఎత్తు పెంచి ఏ క్లాంపూ బెల్టూ లేని బండికి స్ప్రింగు సీటు వదిలేది అక్కడే. చక్రం బిగించి దించేసరికి కొస ఎక్కడో కూచుంటుంది, ఎవరూ చూడరు. “తమ్ముడూ, జాకీ యాక్సిల్ కింద పెట్టు, స్ప్రింగు సీటుకి దగ్గరగా” అని చెప్పి, పెట్టేదాకా పక్కనే నిలబడండి. వేరే దారిలేక ఛాసీ కిందే ఎత్తితే, పూర్తిగా దించే ముందు చెయ్యి స్ప్రింగు దగ్గరికి పోనివ్వకుండా, టార్చి వేసి కళ్లతో చూసి, కొస మెట్టు దగ్గర ఉందని తేలాకే దించమనండి.